పైబాణం వెనక చరిత్ర

అశోక్‌నగర్‌లో చరిత్ర అంటే శాతవాహనులు, కాకతీయులు, అసఫ్‌జాహీలు. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో గ్రూప్స్‌కి చదివేవాళ్ళు రోజంతా కూర్చుని బట్టీ పట్టేది దాన్నే. అక్కడికి దగ్గర్లోనే, హిమాయత్‌నగర్‌లో ఉండే ఏ సాఫ్ట్‌వేర్ ఉద్యోగినైనా అడగండి, హిస్టరీ అంటే కీబోర్డు మీది పైబాణం అంటాడు. అది నొక్కితే ఇందాక కొట్టిన కమాండ్ మళ్ళీ వస్తుంది. ఈ హిస్టరీకీ ఒక చరిత్ర ఉంది. అందులో రాజులు లేరు గానీ షరతులు, వాదాలు, రాజీలు అన్నీ ఉన్నాయి.

కోచింగ్ సెంటర్లలో ఒరాకిల్ నేర్చుకున్నవాళ్ళు ఈ నగరంలో కొల్లలు. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఎస్‌క్యూఎల్ ప్లస్ తెరిచి పైబాణం నొక్కితే పాత క్వెరీ బుద్ధిగా వస్తుంది. అదే ప్రోగ్రామ్‌ని లినక్స్‌లో తెరిచి నొక్కితే ఒక టోపీ గుర్తు, రెండు చదరపు బ్రాకెట్లు, చివర ‘ఎ’ అక్షరం ప్రత్యక్షమవుతాయి. ఇరవై లైన్ల క్వెరీలో ఒక్క కామా తప్పినవాడికి ఆ చెత్త చూస్తే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

నిజానికి అది చెత్త కాదు. 1963లో వచ్చిన టెలిటైప్ మోడల్ 33కి బాణాలే లేవు. కొట్టిందంతా కాగితం మీద పడేది, ఆ కాగితమే హిస్టరీ. 1978లో డిజిటల్ కంపెనీ తెచ్చిన వీటీ100 టెర్మినల్‌కి నాలుగు బాణాలున్నాయి. పైబాణం నొక్కితే అది ఎస్కేప్, ఒక చదరపు బ్రాకెట్, ‘ఎ’ అనే మూడు సంకేతాలు పంపేది. టోపీ, మొదటి బ్రాకెట్ కలిస్తే ఎస్కేప్. దాని అర్థం ‘కర్సర్‌ని పైకి జరుపు’ అని మాత్రమే. జ్ఞాపకం సంగతి ఆ మీటకి తెలీదు. ఇంచుమించు అదే కాలంలో బిల్ జాయ్ తన సీ షెల్‌లో హిస్టరీ పెట్టాడు. రెండు ఆశ్చర్యార్థకాలు కొడితే కిందటి కమాండ్ మళ్ళీ నడిచేది. అంటే మీట ఒకచోట పుట్టింది, జ్ఞాపకం ఇంకోచోట పుట్టింది. రెండింటినీ ఎవరో ఒకరు కలపాలి.

ఆ పని బాగా చేసిన లైబ్రరీ రీడ్‌లైన్. ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ కోసం బ్రయన్ ఫాక్స్ రాశాడు. 1989లో బయటికొచ్చిన బాష్ షెల్‌కి ఇదే ఆధారం. తర్వాత దశాబ్దాలుగా చెట్ రేమీ దాన్ని సాకుతున్నాడు. కానీ దాని లైసెన్స్ జీపీఎల్. రీడ్‌లైన్‌ని కలుపుకుని మీ ప్రోగ్రామ్‌ని పంచితే మొత్తం ప్రోగ్రామ్‌ని అదే షరతుల మీద, సోర్స్ కోడ్‌తో సహా ఇవ్వాలి. రిచర్డ్ స్టాల్‌మన్ తెలిసే పెట్టిన షరతు ఇది.

1992లో జర్మనీకి చెందిన బ్రూనో హైబుల్‌కి ఇదే అడ్డం వచ్చింది. ఆయన మైఖేల్ స్టోల్‌తో కలిసి సీలిస్ప్ రాశాడు. రీడ్‌లైన్ వాడుకుంటాం గానీ మా ప్రోగ్రామ్ వేరు అని ఆయన, కలిస్తే రెండూ ఒకటే అని స్టాల్‌మన్, ఈమెయిళ్ళలో వాదించుకున్నారు. చివరికి సీలిస్ప్ జీపీఎల్‌లోకి వచ్చింది. ఒక బాణం మీట పనిచెయ్యడం కోసం మొదలైన వాదం ఒక భాషా సాధనం లైసెన్స్‌నే మార్చేసింది.

ఇది బలవంతం అనేవాళ్ళున్నారు. నాకలా అనిపించదు. షరతు నచ్చకపోతే సొంతంగా రాసుకోవచ్చు. రాసుకున్నారు కూడా. బీఎస్‌డీ వాళ్ళ లిబ్‌ఎడిట్, రెడిస్ కర్త సాల్వతోరె సాన్‌ఫిలిప్పో రాసిన చిన్న లైన్‌నాయిస్ అలా పుట్టినవే. రీడ్‌లైనూ వద్దని, సొంతంగానూ రాయనప్పుడే చిక్కు. ఆ భారం వాడేవాడి వేళ్ళ మీద పడుతుంది.

దానికి విరుగుడు హాన్స్ లుబ్ రాసిన ఆర్‌ఎల్‌రాప్. ప్రోగ్రామ్ పేరుకి ముందు దీని పేరు చేర్చి నడిపితే చాలు. అది ఒక ఉత్తుత్తి టెర్మినల్‌ని సృష్టించి మనకీ ప్రోగ్రామ్‌కీ మధ్య కూర్చుంటుంది. బాణాలు తను అందుకుని, రీడ్‌లైన్‌తో పాత లైను వెతికి, పూర్తయిన లైనునే లోపలికి పంపుతుంది. కొట్టినవన్నీ హోమ్ డైరెక్టరీలో ఒక ఫైల్లో దాస్తుంది కాబట్టి రేపు కూడా దొరుకుతాయి. లోపలి ప్రోగ్రామ్‌కి ఈ సంగతే తెలీదు. అన్నట్టు, విండోస్‌లో కూడా గుర్తుపెట్టుకునేది ఎస్‌క్యూఎల్ ప్లస్ కాదు, చుట్టూ ఉన్న కన్సోలే. 12.2 వెర్షన్‌లో ఎస్‌క్యూఎల్ ప్లస్‌కి సొంతంగా హిస్టరీ కమాండ్ వచ్చింది.

ఇంగ్లీషులో ‘ఫ్రీ’ అన్న ఒక్క మాటతో ఈ ఉద్యమం ఎప్పుడూ తంటాలు పడుతూనే ఉంది. మనకి రెండు మాటలున్నాయి: ఉచితం, స్వేచ్ఛ. హైదరాబాదులో ఈ ఉద్యమం నడిపే సంస్థ తన పేరుగా రెండోదాన్నే ఎంచుకుంది. పైబాణం నొక్కినందుకు మనం రూపాయి కట్టం, అది ఉచితం. మనకి అందింది తర్వాతివాడికీ అందాలి అన్న షరతు మాత్రం స్వేచ్ఛకి సంబంధించింది. ఆ షరతు ఒప్పుకుని రాసినవాళ్ళు ఉండబట్టే పైబాణం నొక్కితే నిన్నటి కమాండ్ వస్తోంది.