ముద్దాయి పక్షాన చదువు

1951 మార్చి, ఏప్రిల్ నెలల్లో పదహారు రోజుల తేడాతో హైదరాబాదు ముద్దాయిల తలరాతను తాకే సంగతులు రెండు జరిగాయి. మార్చి 16న జనార్దన్ రెడ్డి కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తెలంగాణ సాయుధ పోరాట కాలపు కేసుల్లో స్పెషల్ ట్రిబ్యునళ్లు 1949లో ఉరిశిక్ష వేసిన వాళ్ల పిటిషన్ అది. తమకు వకీలును పెట్టుకునే వీలే దొరకలేదన్నది వాళ్ల మొర. వాళ్ల కోసం ఇంగ్లండు నుంచి బారిస్టరు డి.ఎన్. ప్రిట్ వచ్చాడు. అయినా, వకీలు లేకుండా విచారణ జరిగినంత మాత్రాన అది చెల్లకుండా పోదని కోర్టు తేల్చింది. ఆ ఉరిశిక్షలు తర్వాత యావజ్జీవానికి తగ్గాయి. ఇక ఏప్రిల్ 1న, పూర్వపు సంస్థానాలకు వర్తించే పార్ట్-బి రాష్ట్రాల చట్టం అమల్లోకి వచ్చింది. నిజాం కాలపు శిక్షాస్మృతి పోయి భారత శిక్షాస్మృతి వచ్చింది, సాక్ష్య చట్టం కూడా మారింది. పాతబస్తీ వకీలు రాత్రికి రాత్రి కొత్త చట్టానికి విద్యార్థి అయ్యాడు. ముద్దాయికి వకీలు ఉండాలన్న హక్కును ఆ తర్వాతి దశాబ్దాల్లో క్రమంగా సాధించుకున్నాం. ఆ వకీలుకు ఇవాళ్టి చట్టం తెలిసి ఉండాలన్నదీ ముద్దాయి హక్కేనని మాత్రం ఇంతవరకూ ఒప్పుకోలేదు. ఒప్పుకోవాలనే నా వాదన.

పాతబస్తీ న్యాయవాదికి ఇలా మళ్లీ మొదటి నుంచి చదువుకోవాల్సి రావడం అది మొదటిసారి కాదు. 1880ల మధ్యలో కోర్టుల భాష ఫార్సీ నుంచి ఉర్దూకు మారింది. 1918లో ఉర్దూ మాధ్యమంతో ఉస్మానియా విశ్వవిద్యాలయం వచ్చింది. దాని కోసమే పెట్టిన అనువాద శాఖ ఇతర శాస్త్రాలతో పాటు న్యాయశాస్త్రాన్నీ ఉర్దూలోకి తెచ్చింది. ఉర్దూలో చట్టం చదివి, ఉర్దూలో వాదించి, దక్కన్ లా రిపోర్ట్ సంపుటాల నుంచి తీర్పులు చూపించిన తరం ఒకటి అలా తయారైంది. 1948లో సంస్థానం భారత్‌లో కలిశాక కోర్టులో ఇంగ్లీషు పెత్తనం మొదలయ్యేసరికి ఆ తరం నడివయసులో ఉంది. నిజాం శిక్షాస్మృతి బ్రిటిష్ ఇండియా చట్టాన్ని చూసి రాసుకున్నదే, మార్పు పెద్దదేమీ కాదని అనవచ్చు. సెక్షన్ల మాట వరకే చూస్తే ఆ అభ్యంతరం నిజమే. కానీ నేర విచారణ సెక్షన్లతోనే నడవదు. ఏ సాక్ష్యాన్ని ఏ తీర్పు ఆధారంగా కొట్టేయించాలి, ఎక్కడ అభ్యంతరం చెప్పాలి, సాక్షిని క్రాస్‌లో ఏ ప్రశ్న అడక్కూడదు, ఇవి తెలియాలి. వాటి ఆధారాలన్నీ ఒక భాష నుంచి మరో భాషకు మారినప్పుడు పాతికేళ్ల అనుభవం కూడా కొంతకాలం అక్కరకు రాదు. ఆ కొంతకాలంలో కేసు నడిచిన ముద్దాయి దాని మూల్యం జైల్లో చెల్లిస్తాడు.

రాజ్యం తన పక్షం వాళ్లకు చదువు చెప్పించుకోవడంలో ఏనాడూ లోటు చేయలేదు. 1975లో మౌంట్ అబూ నుంచి జాతీయ పోలీసు అకాడమీని తీసుకొచ్చి పాతబస్తీకి దక్షిణాన శివరాంపల్లిలో పెట్టింది. న్యాయమూర్తులకు సికింద్రాబాదులో జ్యుడీషియల్ అకాడమీ ఉంది. డీఎన్ఏ పరీక్షలకు దేశమంతా చూసే సీడీఎఫ్‌డీ సంస్థ ఈ ఊళ్లోదే. ఆ డీఎన్ఏ నివేదికను బోనులో నిలబెట్టి ప్రశ్నించాల్సిన డిఫెన్స్ న్యాయవాదికి మాత్రం సీనియరు చాంబరు తప్ప బడి లేదు. చాంబరు చాలదా అంటారు పెద్దలు. చాంబరు చదువును తక్కువ చేయలేను. విప్లవ రచయితల మీద 1974లో పెట్టిన సికింద్రాబాద్ కుట్ర కేసు పదిహేనేళ్లు నడిచి 1989లో అందరూ నిర్దోషులుగా బయటికొచ్చారంటే, దాని వెనక కె.జి. కన్నబిరాన్ లాంటి న్యాయవాదుల విద్య ఉంది. న్యాయవాది బొజ్జా తారకం ‘పోలీసులు అరెస్టు చేస్తే’ రాసి ఆ విద్యను సామాన్యుడి చేతికే ఇచ్చాడు. అయితే అలాంటి సీనియరు దగ్గర చేరగలిగే జూనియర్లు ఎందరు? తలాబ్‌కట్టాలోనో యాకుత్‌పురాలోనో అరెస్టయిన కుర్రాడి వకాలత్ లీగల్ ఎయిడ్ కింద ఎవరికి పడుతుందో, అతని చదువే ఆ కుర్రాడి అదృష్టం. పైగా చాంబరు సీనియరుకు తెలిసినదే నేర్పుతుంది. సీనియరూ ఎన్నడూ చూడని సాక్ష్యం వస్తే ఇద్దరూ ఒకే మెట్టు మీద ఉంటారు.

ఆ రోజు రానే వచ్చింది. 2024 జూలై 1న మళ్లీ శిక్షాస్మృతి, నేర విచారణ స్మృతి, సాక్ష్య చట్టం మూడూ ఒకేసారి మారాయి. హత్యకు సెక్షన్ 302 కాస్తా 103 అయింది, మోసానికి 420 వెళ్లి 318లో చేరింది. అంకెలు నెలలో కంఠతా వస్తాయి. జూలై 1కి ముందు జరిగిన నేరాలకు పాత శిక్షాస్మృతి, తర్వాతి వాటికి కొత్తది కాబట్టి ఏళ్ల తరబడి రెండూ చేతిలో ఉండాల్సిందే. కష్టమంతా సాక్ష్యం దగ్గర ఉంది. సోదాను వీడియో తీయాలి. ఏడేళ్లు, ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనాస్థలానికి రావాలి. ఫోనులోని సాక్ష్యానికి, ఫైలు మారలేదని చూపే హ్యాష్ విలువతో సర్టిఫికెట్ ఉండాలి, దాని మీద నిపుణుడి సంతకమూ ఉండాలి. ఇవి ముద్దాయికి రక్షణలు. ఆ విలువ సరిపోలిందో లేదో చూడడం రాని న్యాయవాది చేతిలో అవి ఉన్నా లేనట్టే. 2019లో అనోఖీలాల్ కేసులో, న్యాయవాదిని నియమించిన రోజే అభియోగాలు మోపి రెండు వారాల్లోపే మరణశిక్ష దాకా నడిపిన విచారణను సుప్రీంకోర్టు కొట్టేసింది. అలాంటి కేసులు పదేళ్ల అనుభవం ఉన్నవాళ్లకే ఇవ్వాలని, తయారు కావడానికి కనీసం ఏడు రోజులు ఉండాలని చెప్పింది. మంచి తీర్పే. కానీ పదేళ్ల అనుభవమంటే పాత చట్టంలో పదేళ్లు కూడా కావచ్చు.

న్యాయవాదులకు ఇలాంటి కొత్త చదువును తప్పనిసరి చేస్తే హాజరు పట్టీలో సంతకాల తంతుగా మిగులుతుందన్న అభ్యంతరం అన్నిటికన్నా బలమైనది. అమెరికాలో మిన్నెసోటా వంటి రాష్ట్రాలు 1975 నుంచే గంటలు లెక్కపెట్టి చదివిస్తున్నాయి. అక్కడా ఈ ఫిర్యాదు ఉంది. మన దగ్గర కొత్తవాళ్లకు ఏడాది శిక్షణ పెట్టిన బార్ కౌన్సిల్ నిబంధనలను 1999లో సుధీర్ కేసులో సుప్రీంకోర్టు రద్దు చేసింది. 2011 నుంచి బార్ పరీక్ష ఉంది గాని, అది ఒక్కసారి రాసి మరిచిపోయేది. ప్రభుత్వమే పాఠం చెబితే డిఫెన్స్ స్వతంత్రత ఏమవుతుందన్న భయమూ నిరాధారం కాదు. అందుకే ఈ పని బార్ చేతిలో ఉండాలి, గంటల లెక్కతో కాకుండా కేసు ఫైళ్లతో నడవాలి. అందరి మీదా రుద్దకుండా, 2022లో జాతీయ న్యాయ సేవాధికార సంస్థ (నల్సా) మొదలుపెట్టిన లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెళ్లతో ఆరంభించవచ్చు. వాళ్లు పూర్తికాలం ముద్దాయిల పనే చేస్తారు, వాళ్ల దగ్గరికి వచ్చేవాడికి ఇంకో వకీలును ఎంచుకునే స్తోమత లేదు. చోటు కూడా దొరికేలా ఉంది. హైకోర్టు రాజేంద్రనగర్‌కు తరలబోతోంది, 2024 మార్చిలో శంకుస్థాపన అయింది. 1920లో మూసీ దక్షిణపుటొడ్డున తెరిచిన పాత భవనంలో కొన్ని గదులను ఈ చదువుకు కేటాయించమని న్యాయవాద సంఘాలు ఇప్పుడే అడగాలి. నాంపల్లి క్రిమినల్ కోర్టుల నుంచి అది ఎంతో దూరం కాదు. కోర్టు ముగిశాక, కేసు కట్ట చంకన పెట్టుకుని జూనియర్లు సాయంత్రం పూట వచ్చి చదువుకోవచ్చు.