జాబు

ఇంటి నుంచే కొలువు చేసే ప్రొద్దుటూరు పిల్లోడొకడు తన కంపెనీ నియమాల తెలుగు ప్రతి చూపించాడు. అందులో ‘అసమకాలిక సంభాషణ’ అని ఉంది. సమకాలికులంటే ఒకే కాలంలో బతికినవాళ్లు. ఆ లెక్కన ఇది నన్నయ, గురజాడ కూచుని మాట్లాడుకోవడం. చెప్పదలిచిందేమో, ఒకరు రాసి పెడితే ఇంకొకరు తమ వీలు చూసుకుని బదులివ్వడం. దానికి జాబు చాలు. అరబ్బీ ‘జవాబ్’ పారశీ, ఉర్దూల మీదుగా తెలుగులోకొచ్చి రెండుగా చీలింది: జవాబు బదులుగానే నిలిచింది, జాబు లేఖ అయింది. విడ్డూరమేమంటే, సంస్కృతంలో ‘ఉత్తరం’ అన్నా బదులే. ఎవరూ అడక్కముందే మనం రాసే తొలి లేఖకు కూడా బదులనే పేరన్నమాట! జవాబుదారీ ఈ ఇంటిదే.  దూరం నుంచి పని చేయించడమూ కొత్తదేం కాదు. తెలుగు నిఘంటుకర్త సి.పి. బ్రౌన్ కడప బంగళాలో పండితుల్ని పెట్టి, బదిలీ మీద వేరే ఊళ్లకు పోయినా అయోధ్యాపురం కృష్ణారెడ్డి అజమాయిషీలో తెలుగు కావ్యాల ప్రతుల పని సాగించాడు. బ్రౌన్ ఉత్తర ప్రత్యుత్తరాలను అచ్చువేస్తూ పరిశోధకుడు బంగోరె పెట్టిన పేరు ‘బ్రౌన్ జాబులు’. తపాలా నడిచొచ్చే ఆ రోజుల్లో క్షేమం, సందేహం, డబ్బుల లెక్క అన్నీ ఒకే కాగితంలో సర్దాల్సిందే. ఆ ప్రొద్దుటూరు పిల్లోడి ఫోనులో మాత్రం పొద్దున ‘సార్, ఉండారా?’ అని ఉంది. సాయంత్రం దాకా దాని కింద అసలు సంగతి లేదు. పైగా ఇప్పుడు కడపలో ‘జాబు వచ్చింది’ అంటే, జనం స్వీట్లెక్కడ అంటారు.