ఫీజు సర్కారుది, పూచీ విద్యార్థిది

ఫీజు రీయింబర్స్‌మెంట్ కథను చాలామంది 2008 దగ్గర మొదలుపెడతారు. అక్కణ్ణుంచి చూస్తే అది ఎన్నికల వరంలాగే కనిపిస్తుంది. కానీ దళిత విద్యార్థులకు పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944లోనే వచ్చింది, అంబేడ్కర్ వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో ఉన్న కాలంలో. మెట్రిక్ దాటిన పేద పిల్లల చదువు ఖర్చులో ప్రభుత్వానికి వాటా ఉందని ఒప్పుకున్నది అప్పుడే. ఆ తర్వాత ప్రైవేటు వృత్తివిద్యా కాలేజీలు వచ్చాయి, వాటితోపాటు క్యాపిటేషన్ ఫీజూ వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచే సుప్రీంకోర్టుకు వెళ్లిన ఉన్నికృష్ణన్ కేసులో 1993లో తీర్పు వెలువడింది. సగం సీట్లు ప్రభుత్వ కాలేజీ ఫీజుకే ఇవ్వాలి, మిగతా సగంలో చేరినవాళ్లు ఎక్కువ కట్టాలి. అంటే కలిగినవాళ్ల ఫీజు ర్యాంకు తెచ్చుకున్న విద్యార్థికి ఆసరా అయింది. 2002లో టీఎంఏ పాయ్ తీర్పు ఆ పద్ధతిని కొట్టేసింది. కాలేజీ తన ఖర్చుకు తగిన ఫీజు వసూలు చేసుకోవచ్చు. ఆ ఖర్చు పేద విద్యార్థి తరఫున ఎవరు భరించాలి? వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం 2008 నుంచి బీసీలకు, ఆపైన ఈబీసీలకు విస్తరించిన పథకం ఆ ప్రశ్నకు జవాబు. తీర్పుతో పోయిన ఆసరాను ఖజానా నుంచి పూడ్చడమే అది. దాన్ని ఉచితం అనడం అన్యాయం.

ఈ డబ్బంతా యాజమాన్యాల జేబుల్లోకే పోయిందనే విమర్శ ఉంది. అందులో నిజం లేకపోలేదు. ఉమ్మడి రాష్ట్రంలో ఇంజనీరింగ్ కాలేజీలు దాదాపు 700కి చేరాయి. ల్యాబులు లేనివీ, లెక్చరర్లు కాగితం మీదే ఉన్నవీ వాటిలో తక్కువేం కాదు. కానీ ఆ నేరం తనిఖీకి వచ్చి, లేని ల్యాబుకు సంతకం పెట్టి వెళ్లినవాళ్లది. మీసేవలో ఆదాయ ధ్రువపత్రం తీసుకుని కన్వీనర్ కోటాలో చేరిన కూలీ కూతురిది కాదు. నాసిరకం కాలేజీకి అనుమతి రద్దు చేయడం ఒక పని, ఆమె ఫీజు ఎత్తేయడం వేరే పని. ఆ రెండింటినీ కలిపి మాట్లాడేవాళ్లు మొదటిదాని గురించి ఎన్నడూ గట్టిగా అడగరు.

పథకాన్ని అసలు దెబ్బతీసింది కోత, బకాయి. 2012లో చాలామంది విద్యార్థులకు ఏడాదికి 35,000 రూపాయలకే పరిమితి పెట్టారు, పై మొత్తం ఇంటి మీద పడింది. విభజన తర్వాత తెలంగాణలోనూ ఆ గీత చెరగలేదు. ఆంధ్రప్రదేశ్‌లో విద్యాదీవెన పేరుతో 2021లో సొమ్మును తల్లుల ఖాతాల్లో వేశారు, ప్రభుత్వం మారాక మళ్లీ కాలేజీలకే మళ్లించారు. దారి ఏదైనా డబ్బు సమయానికి రాలేదు. ఆ ఆలస్యానికి మూల్యం కట్టేది ఎవరో ఫైనలియర్‌లో తెలుస్తుంది. ఉద్యోగం వచ్చింది, కంపెనీవాళ్లు ఒరిజినల్ మెమోలు అడిగారు. సర్కారు నుంచి ఫీజు రాలేదు, ముందు మీరు కట్టండి, వచ్చాక తిరిగిస్తాం అంటుంది కాలేజీ ఆఫీసు. తండ్రి వడ్డీకి తెచ్చి కడతాడు. ప్రభుత్వం ఇచ్చిన మాటకు ఆ కుటుంబం హామీదారు అయిపోయింది.

ఖజానాలో డబ్బు లేనప్పుడు ఏం చేస్తారని కొందరు అడుగుతారు. బిల్లు రాని కాంట్రాక్టరు పని ఆపుకోగలడు, ఇరవై ఏళ్ల పిల్ల వయసును ఆపుకోలేదు. ఇదే సొమ్ముతో ప్రభుత్వ కాలేజీలు కట్టొచ్చు కదా అనేవాళ్ల మాట ఇంతకంటే బరువైనది. కట్టాలి, తప్పకుండా కట్టాలి. తెలంగాణలో ఆడపిల్లల కోసం పెట్టిన సాంఘిక సంక్షేమ గురుకుల డిగ్రీ కాలేజీలు ఆ దారిలో మంచి అడుగు. అయితే ఆ కట్టడాలు లేచేదాకా ఈ ఏడాది ఇంటర్ పాసైన పిల్లలు ఎక్కడ చదవాలి? ఉన్న ప్రైవేటు కాలేజీల్లోనే. అందుకే ముందు కావలసింది చిన్న చట్టం. ఫీజు బాకీ కాలేజీకీ ప్రభుత్వానికీ మధ్య లెక్క. రావలసింది రాకపోతే యాజమాన్యం ప్రభుత్వం మీద దావా వేసుకోవచ్చు, వడ్డీతో రాబట్టుకోవచ్చు. ఆ లెక్క తేలేదాకా విద్యార్థి మెమోను, టీసీని బీరువాలో పెట్టి తాళం వేసుకునే హక్కు కాలేజీకి ఉండకూడదు.