కొల్లేటికి చేరే మురుగు, వరద

మైలవరం కొండల్లో పుట్టిన బుడమేరు విజయవాడ నగరం దాటి, గుడివాడకు ఉత్తరాన నందివాడ పల్లాల మీదుగా కొల్లేటి సరస్సులో కలుస్తుంది. తమ్మిలేరు, రామిలేరు, డెల్టా పొలాల మురుగు కాల్వలు కూడా అక్కడికే చేరతాయి. ఇన్ని వైపుల నుంచి వచ్చే నీరు సముద్రానికి పోవడానికి ఉన్న దారి ఉప్పుటేరు ఒక్కటే. ఈ సరస్సు కాలుష్యానికీ, వరదకూ మూలం ఇక్కడే ఉంది.

1855లో విజయవాడ వద్ద ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో వరి విస్తరించింది. పొలాల నుంచి దిగే మురుగునీరూ పెరిగింది. తర్వాత విజయవాడ, ఏలూరు, గుడివాడ పట్టణాల మురుగు, ఫ్యాక్టరీల వ్యర్థాలు, పొలాల్లో చల్లిన పురుగుమందులు దానికి తోడయ్యాయి. గుర్రపుడెక్క దట్టంగా అల్లుకుని పారుదలను మందగింపజేసింది.

అసలు దెబ్బ చేపల చెరువులది. 1976లో ప్రభుత్వం మత్స్యకార సహకార సంఘాలకు చెరువులు కేటాయించింది. తాటిదోనెల మీద వలలు వేసి బతికే వడ్డీ కులపు మత్స్యకారులకు అది ఆసరా కావాల్సింది. కానీ కాలక్రమేణా పెత్తనం పెట్టుబడిదారుల చేతుల్లోకి పోయింది, చెరువులు సరస్సు నడిబొడ్డుకు పాకాయి. బొచ్చె, శీలావతి త్వరగా ఎదగాలని తవుడు, కోళ్లపెంట వేయడం, పట్టుబడి కాగానే ఇంజన్లతో ఆ నీళ్లు బయటికి తోడేయడం మామూలైంది. వరద దారికి అడ్డంగా పోసిన గట్లు మురుగునూ పోనివ్వలేదు.

1999లో అయిదో కాంటూరు (సముద్ర మట్టానికి అయిదడుగుల ఎత్తు గీత) లోపలి 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో చిత్తడి నేలలకిచ్చే అంతర్జాతీయ రాంసర్ గుర్తింపు వచ్చింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరిట పొక్లెయిన్లతో గట్లు తెగ్గొట్టారు. సరస్సు కోలుకోవడానికి జరిగిన ప్రయత్నాల్లో ఇంత గట్టిది మరొకటి లేదు. దాని కష్టం మాత్రం సొంత చెరువు లేక కూలికి పోయే కుటుంబాల మీద కూడా పడింది. కొల్లేటి ఒడ్డున ఆటపాకలో అటవీ శాఖ నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు గూళ్లు కట్టి పిల్లలను పెంచుతున్నాయి. అయితే తెగ్గొట్టిన గట్లు చాలాచోట్ల మళ్లీ లేచాయి, మురుగు రాక ఆగలేదు.

వరద ముప్పు 2024 సెప్టెంబరులో బయటపడింది. బుడమేరు వరదను వెలగలేరు రెగ్యులేటర్ నుంచి డైవర్షన్ కాల్వ ద్వారా కృష్ణలోకి మళ్లించాలి. ఆ రోజుల్లో ప్రకాశం బ్యారేజీ వద్ద గరిష్ఠ ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులు. నదే నిండుగా ఉంటే కాల్వ నీటికి దారేది? కాల్వ కట్టకు గండ్లు పడి విజయవాడలోని సింగ్‌నగర్ మునిగింది. కింద నందివాడ మండలంలో ఊళ్లు, చేపల చెరువులు నీట మునిగాయి.

ఉప్పుటేరులో పూడిక తీస్తే కొల్లేటికి చేరే వరద నీరు త్వరగా దిగుతుంది. కానీ వేసవిలో సరస్సు మట్టం పడిపోగానే సముద్రపు పోటు ఆ దారినే ఎగబాకి కొల్లేటిని ఉప్పు చేస్తుంది. అందుకే పూడికతీతతో పాటు ఉప్పుటేరు మీద రెగ్యులేటర్లు కట్టాలన్నది ఇక్కడి రైతులు, మత్స్యకారులు ఏళ్లుగా అడుగుతున్న మాట.