దెబ్బకు ఓర్చే ఉక్కు: మేకు దింపే కడ్డీ కథ

దూడను కట్టివేయడానికి గుంజ పాతడం మనకందరకు తెలిసిన పనే. గుంజ తలను మొద్దుతో కొడతాము. నాలుగు రోజులు పోయేసరికి ఆ తల చితికి, పీచులుపీచులుగా విచ్చుకొంటుంది. రాళ్లు పగులగొట్టేవాని ఉలినిగాని, బావి తవ్వేవాని గడ్డపారనుగాని చూడండి. అక్కడకూడ ఇదే సంగతి. భూమిలోకి పోయే కొన బాగానే ఉంటుంది, దెబ్బ తినే తల మాత్రం పాడవుతుంది. ఎందువల్ల? దెబ్బలకు నిలిచే తలను ఎట్లా తయారుచేయాలి? ఇది చాల చిన్న ప్రశ్నగా కనిపించవచ్చును. కాని దీనికి సమాధానం దొరకడానికి ఓడరేవులు, రైలుబండ్లు, చివరకు సముద్రం మీది ఓడలుకూడ పాఠాలు చెప్పవలసివచ్చినది.

ఈ ప్రశ్నను ఉత్తర అమెరికా అడవులనుండి మొదలుపెడదాం. అక్కడ ఉన్ని జంతువుల చర్మాల వ్యాపారం కొన్ని వందల ఏండ్లు సాగినది. 1670లో ఇంగ్లండు రాజశాసనం పొందిన హడ్సన్ బే కంపెనీ దానిలో పేరుమోసినది. వేటగాడు చలికాలంలో మైళ్లపొడవున ఒక బాట ఏర్పరచుకొని, దాని వెంట వరుసగా బోనులు పెట్టి, వాటిని చూచుకొంటూ తిరిగేవాడు. దానిని మనం బోనుల బాట అందాం. ఇక్కడ బోను అంటే పులిని పట్టే పంజరం కాదు. ఉక్కు పట్టీ బిగువుతో టక్కున మూసుకొనే రెండు దవడల సాధనం. దానికొక గొలుసు, గొలుసు చివరను భూమికి బిగించేందుకు ఒక మేకు ఉంటాయి.

ఆ బోనులకు పేరు తెచ్చినవాడు స్యూయెల్ న్యూహౌస్. ఆయన 1806లో జన్మించి, బాల్యంలోనే న్యూయార్కు రాష్ట్రానికి వచ్చినాడు. పదిహేడేండ్ల వయస్సులో పాత గొడ్డళ్ల ఉక్కుతో పట్టీలు చేసి తన మొదటి బోనులు తయారుచేసినాడని చెబుతారు. 1848లో ఏర్పడిన ఒనైడా సమాజంలో ఆయన తరువాత చేరినాడు. అనేక సంవత్సరాలు ఆ సమాజానికి బోనుల పరిశ్రమే ముఖ్యమైన ఆదాయమార్గమయినది. 1865లో ఆ సమాజం ఆయన పేరుతో వేటగాండ్లకొక మార్గదర్శక గ్రంథం ప్రచురించినది.

ఆ గ్రంథంలో మేకును గురించి ఉన్న సలహా మన భౌతికశాస్త్ర విద్యార్థులు గమనించదగ్గది. బలమైన జంతువును పట్టే బోనును కదలని మేకుకు కట్టవద్దు; లాగితే కొద్దికొద్దిగా కదిలే బరువైన కొయ్య దుంగకు కట్టండి అంటాడాయన. కారణం స్పష్టమే. పరుగెత్తే జంతువు ద్రవ్యవేగం ఒక్క క్షణంలో సున్న అయితే గొలుసుపై పడే బలం చాల ఎక్కువ. అదే ద్రవ్యవేగం కొంచెం ఎక్కువ కాలంలో హరిస్తే బలం తక్కువ. క్రికెట్ బంతిని పట్టేవాడు చేతులను వెనుకకు తీసుకొనడంలో ఉన్న సూత్రమే ఇది. ఆ సూత్రం తెలియక గొలుసు తెగినా, మేకు ఊడినా నష్టపోయేది వేటగాడొక్కడే కాదు. కాలికి బోనుతోనే పారిపోయిన జంతువు ఎక్కడో పొదలలో రోజుల తరబడి బాధపడి చచ్చేది.

చెట్లున్న అడవిలో దుంగ దొరుకుతుంది. చెట్లులేని పచ్చికబయళ్లలో దొరకదు. అక్కడ సుమారు రెండడుగుల ఇనుప చువ్వనే మేకుగా కొట్టేవారు. ఇసుకనేలలో, బురదలో అదికూడ నిలువదు; నిలువుగా ఉన్న నున్నని చువ్వను మట్టి ఒరిపిడి ఒక్కటే పట్టి ఉంచుతుంది కనుక. ఇటువంటి నేలను లొంగదీసే ఉపాయం అంతకుముందే ఇంకొక రంగంలో పుట్టినది. అలెగ్జాండర్ మిచెల్ అనే అంధుడైన ఐర్లండు ఇంజనీరు 1833లో మరమేకుకు పేటెంటు పొందినాడు. కమ్మీ అడుగున ఒక వెడల్పాటి మరరేకు ఉంటుంది. దానిని తిప్పుతూ దింపితే, పైకి లాగినప్పుడు రేకుమీది మట్టి అంతా కలిసి ఎదిరిస్తుంది. థేమ్సు నదీముఖంలోని మాప్లిన్ ఇసుకతిన్నెలమీద 1838లో ఇటువంటి మేకులు దింపి దీపస్తంభం నిలిపినారు. 1841లో అక్కడ దీపం వెలిగినది.

ఇరవైయవ శతాబ్దం చివరి దశాబ్దాలలో బోనుల బాటలమీద వ్యాపించిన తీగ లంగరు ఈ సూత్రానికే మరొక రూపం. బొటనవేలంత లోహపు ముక్కకు ఉక్కు తీగతాడు తగిలించి ఉంటుంది. ఆ ముక్క బోలులో ఒక కడ్డీ కొన దూర్చి, సుత్తితో కొట్టి భూమిలోకి దింపుతారు. తరువాత కడ్డీని పైకి తీసివేసి, తాడును గట్టిగా లాగుతారు. అప్పుడా ముక్క లోపల అడ్డం తిరిగి, తనపైనున్న మట్టినంతా పట్టుకొంటుంది. లంగరు భూమిలోనే ఉండిపోతుంది. కడ్డీ మాత్రం బయటికి వచ్చి, మరొకదానిని, ఆపైన ఇంకొకదానిని దింపుతూ వందలాది దెబ్బలు తినవలసి ఉంటుంది. గుడారాలను, గాలికి ఊగే లేత చెట్లను కట్టడానికికూడ ఇటువంటి లంగరులు వాడుతున్నారు. మన కథానాయకుడు ఈ కడ్డీయే.

ఈ కడ్డీ మూడుచోట్ల పాడవుతుంది. తల చితుకుతుంది, కొన సన్నబడేచోట విరుగుతుంది, గడ్డకట్టే చలిలో ఎక్కడైనా పెళుసై పగులుతుంది. మూడింటికీ చరిత్రలో మూడు పాఠాలున్నవి.

మొదటి పాఠం ఓడరేవునుండి వచ్చినది. జేమ్స్ నాస్మిత్ తన ఆవిరిసుత్తిని స్తంభాలు దింపడానికి మలచి, 1845లో ఇంగ్లండులోని డెవన్‌పోర్టు నౌకాశ్రయంలో పాతపద్ధతితో పోటీకి నిలిపినాడు. 70 అడుగుల పొడవు, 18 అంగుళాల చదరం గల కొయ్యస్తంభాన్ని ఆవిరిసుత్తి నాలుగున్నర నిమిషాలలో దింపినది. పాతపద్ధతికి పన్నెండు గంటలు పట్టినదని నాస్మిత్ స్వీయచరిత్రలో ఉన్నది. విశేషమేమంటే, పాతపద్ధతిలో స్తంభం తల చీలకుండ ఇనుప కట్టు వేయవలసివచ్చేది. ఆవిరిసుత్తి క్రింద అది లేకుండగానే తల చక్కగా నిలిచినది. తేలికైన దిమ్మె ఎంతో ఎత్తునుండి పడితే దెబ్బ తలనే చితుకగొడుతుంది. బరువైన దిమ్మె కొద్ది ఎత్తునుండి పడితే దెబ్బ స్తంభాన్నే క్రిందికి నెడుతుంది.

దీనిని లెక్కవేసి చూడవచ్చును. కడ్డీ బరువు 1 కిలోగ్రాము. దెబ్బ తగలగానే సుత్తి, కడ్డీ కలిసి కదిలినవనుకొందాం. 1 కిలో సుత్తి సెకనుకు 8 మీటర్ల వేగంతో తగిలితే దాని శక్తి 32 జౌళ్లు. ద్రవ్యవేగం మారదు కనుక, రెండూ కలిసి సెకనుకు 4 మీటర్ల వేగంతో కదులుతాయి; మిగిలిన గతిశక్తి 16 జౌళ్లే. ఇప్పుడు 4 కిలోల సమ్మెట సెకనుకు 4 మీటర్ల వేగంతో తగలనివ్వండి. మొదటి శక్తి మళ్లీ 32 జౌళ్లే. కాని కలిసి కదిలే వేగం 3.2 మీటర్లు, మిగిలే శక్తి 25.6 జౌళ్లు. మొదటిసారి సగం వ్యర్థమయినది. రెండవసారి అయిదవవంతు మాత్రమే. ఆ వ్యర్థమైన శక్తి ఎక్కడికి పోయినది? వేడిగా, ధ్వనిగా కొంత, తలను చితుకగొట్టడంలో కొంత! కనుక కడ్డీని కాపాడడంలో మొదటి మెట్టు కడ్డీలో కాదు, సుత్తిలో ఉన్నది.

రెండవ పాఠం రైలుబండిది. 1842 మే 8న ఫ్రాన్సులో వెర్సాయ్ సమీపంలో ఒక రైలింజను ఇరుసు విరిగి యాభైమందికి పైగా మరణించినారు. అటువంటి ఇరుసులను పరీక్షించిన స్కాట్లండు యువ ఇంజనీరు రాంకిన్, లావుగా ఉన్న భాగం హఠాత్తుగా సన్నబడేచోట, పదునైన మూలలో పగులు పుట్టి కొద్దికొద్దిగా లోపలికి పెరుగుతున్నదని 1843లో వివరించినాడు. ఆ మూలను గుండ్రంగా వంపుతీయమని చెప్పినాడు. మన కడ్డీ కొన లంగరు బోలులో దూరేందుకు సన్నబడేచోటకూడ ఇదే మూల ఉన్నది. అక్కడ ఆకురాయితో చిన్న వంపు తీస్తే కడ్డీ ఆయుస్సు పెరుగుతుంది. ఒక్క గీటు పడినా తగ్గుతుంది.

మూడవ పాఠం ఓడది. 1943 జనవరి 16న అమెరికాలోని పోర్ట్‌లండులో, నిశ్చలమైన నీటిలో రేవుకు కట్టి ఉన్న స్కెనెక్టడీ అనే కొత్త చమురు ఓడ ఒక్కసారిగా పగిలి ఇంచుమించు రెండు ముక్కలయినది. తుఫాను లేదు, రాయి తగలలేదు. ఆ కాలంలో ఇట్లా పగిలిన ఓడలు ఇంకా ఉన్నవి. అతుకు పనిలో లోపమని చాలమంది తలచినారు. కేంబ్రిడ్జిలోని కాన్‌స్టన్స్ టిప్పర్ ఆ ఉక్కును పరిశోధించి, ఒక ఉష్ణోగ్రతకు దిగువన అది సాగే గుణం పోగొట్టుకొని గాజువలె పెళుసవుతుందని చూపినది. మంచులో బోనుల బాట నడిచేవాని చేతిలోని కడ్డీకి ఈ ప్రమాదం ప్రతి ఉదయం ఎదురవుతుంది.

ఈ మూడు పాఠాలూ ఒక్క మాటే చెబుతున్నవి. కాఠిన్యం వేరు, దార్ఢ్యం వేరు. గీటుకు లొంగకపోవడం కాఠిన్యం. విరగకుండ దెబ్బను ఓర్చుకొనడం దార్ఢ్యం. సాధారణంగా ఉక్కులో ఒకటి పెరిగితే రెండవది తగ్గుతుంది. నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రంవంటి గ్రామాలలో మూసలలో కరగించి తీసిన ఉక్కు దేశాంతరాలకు పోయి కత్తులయినది. దాని ఆంగ్లనామం ఊట్స్ అన్నది మన ఉక్కు అనే మాటనుండే పుట్టినదని పలువురి అభిప్రాయం. దానిలో నూటికి 1 నుండి 2 పాళ్లవరకు కర్బనం ఉంటుంది. కత్తి వాదరకు అది వరమే. సుత్తిదెబ్బ తినే తలకు మాత్రం అది శాపం! దానికి నూటికి 0.4 లేక 0.5 పాళ్ల కర్బనం గల ఉక్కు చాలును.

మన కమ్మరికి ఈ భేదం ఎప్పుడో తెలుసును. ఉలిని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచేటప్పుడు అతడు కొనను మాత్రమే ముంచుతాడు, తలను ముంచడు. కొనకు పదును కావాలి, తలకు ఓర్పు కావాలి. కడ్డీ చేయించుకొనేవారు ఈ మాటను జ్ఞాపకముంచుకొంటే చాలు. పాత లారీ ఇరుసు ముక్క మంచి సరుకు. తలకు నీటి పదును పెట్టవద్దు. వేరే ముక్కను తలగా అతికిస్తే, ముందుగా వేడిచేసి అతికి, బూడిదలో మెల్లగా చల్లారనివ్వాలి. త్వరగా చల్లారితే అతుకు పక్కనే పెళుసుదనం వస్తుంది. తల అంచులను ముందే ఏటవాలుగా రాచి ఉంచాలి. పుట్టగొడుగువలె విచ్చుకొనడం మొదలుకాగానే మళ్లీ రాచివేయాలి.

ఈ చివరి మాట చాదస్తం కాదు. నేను చదువుకొనే రోజులలో ఒక కర్మశాలలో ఉలి తల విచ్చుకొని ఉన్నది. ఎవరూ పట్టించుకొనలేదు. ఒక దెబ్బకు అంచునుండి గోరంత రేకు ఎగిరి నా తోటి విద్యార్థి కనుబొమను చీల్చినది. అరంగుళం క్రిందికి తగిలి ఉంటే కన్ను పోయేది. మెత్తని తల వంగి హెచ్చరిస్తుంది. గట్టి తల హెచ్చరించకుండ పగులుతుంది. వంగినదానిని చూచికూడ రాచకపోతే తప్పు ఉక్కుది కాదు.

దవడల బోనుల కాలం చాల దేశాలలో ముగిసినది. ఇంగ్లండు, వేల్సులలో వాటిలో ఒక రకాన్ని 1958 నుండి నిషేధించినారు. ఐరోపా సమాజం 1995 నుండి వాటి వాడుకను మాన్పించినది. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఉచ్చులతో వన్యజంతువులను పట్టడంకూడ వేటక్రిందనే లెక్క. బోను పోయినా కడ్డీ నేర్పిన పాఠం మిగిలే ఉన్నది. ఉపాధ్యాయులు ఈసారి ద్రవ్యవేగం పాఠం చెప్పేటప్పుడు ఒక పాత ఉలిని తరగతికి తీసుకొనిపోయి, దాని తలను విద్యార్థుల చేతికి ఇచ్చి చూడమనండి. వ్యర్థమైన జౌళ్లు ఎక్కడికి పోయినవో వారే చెబుతారు.