రైల్వే తపాలా బిళ్ళల సేకరణ

రైల్వే తపాలా బిళ్ళల సేకరణ అనేది తపాలా బిళ్ళల సేకరణలో ఒక ప్రత్యేక శాఖ. రైలు ఇంజన్లు, స్టేషన్లు, రైలు మార్గాల వార్షికోత్సవాలు మొదలైన వాటిపై వెలువడిన బిళ్ళలను, తొలిరోజు కవర్లను ఇందులో సేకరిస్తారు.

చరిత్ర

నేటి కెనడాలో భాగమైన న్యూ బ్రన్స్‌విక్ 1860లో విడుదల చేసిన ఒక సెంటు బిళ్ళపై రైలు ఇంజను కనిపిస్తుంది. భారతదేశంలో 1937లో ఆరవ జార్జి చిత్రంతో మొదలైన వరుసలో తపాలా రవాణా సాధనాలను చిత్రించారు. తపాలా బంట్రోతు, ఎద్దుబండి, టాంగా, ఒంటెలతో పాటు నాలుగు అణాల బిళ్ళపై మెయిలు రైలుకు చోటు దక్కింది.

ముఖ్యమైన భారతీయ బిళ్ళలు

* 1953: బోరీబందర్ - ఠాణా మధ్య 1853 ఏప్రిల్ 16న తొలి ప్రయాణికుల రైలు నడిచింది. దాని శతాబ్ది సందర్భంగా రెండణాల బిళ్ళ వెలువడింది. 1853, 1953 నాటి ఇంజన్లు రెండూ దీనిపై ఉన్నాయి.
* 1976: రైలు ఇంజన్లపై నాలుగు బిళ్ళలు.
* 1982: డార్జిలింగ్ హిమాలయ రైల్వే శతాబ్ది.
* 1993: డార్జిలింగ్, నీలగిరి, కాల్కా-సిమ్లా, మాథేరాన్ కొండ రైళ్ళ ఇంజన్లు.
* 2009: నాలుగు చారిత్రక రైల్వే స్టేషన్లు.

తొలిరోజు కవరు

కొత్త బిళ్ళను విడుదల రోజున ప్రత్యేక కవరుపై అతికించి, ఆ తేదీ గల ప్రత్యేక ముద్ర వేస్తే అది తొలిరోజు కవరు అవుతుంది. కొత్త బిళ్ళ లేకుండా ఏదైనా సందర్భానికి కవరును, ముద్రను మాత్రమే విడుదల చేస్తే దానిని ప్రత్యేక కవరు అంటారు. ఈ రెండింటికీ గల తేడాను కొత్తగా సేకరణ ప్రారంభించేవారు గమనించాలి.

కవరు ప్రాముఖ్యత

బిళ్ళను నీటిలో నానబెట్టి కవరు నుండి వేరుచేయడం విద్యార్థులలో సాధారణమైన అలవాటు. రైల్వే సేకరణలో ఇది పెద్ద నష్టం. పూర్వం నడుస్తున్న రైలులోనే ఉత్తరాలను ఊరి వారీగా వేరుచేసి, రైల్వే మెయిల్ సర్వీసు (ఆర్.ఎం.ఎస్.) సెక్షను ముద్రను వేసేవారు. ఉత్తరం ఏ మార్గంలో, ఏ తేదీన ప్రయాణించిందో ఆ ముద్ర తెలుపుతుంది. బిళ్ళను ఊడదీస్తే ముద్ర సగానికి తెగిపోతుంది. బిళ్ళ మిగిలినా, ఆ ప్రయాణానికి ఆధారం మిగలదు. కాబట్టి పాత కవర్లను యథాతథంగా భద్రపరచాలి.

భద్రపరచడం

బిళ్ళలను వేళ్ళతో కాక చిన్న పట్టకారుతో పట్టుకోవాలి. వానాకాలపు తేమకు వాడని బిళ్ళల వెనుక జిగురు కరిగి ఒకదానికొకటి అంటుకుంటాయి; కాగితంపై బూజు మచ్చలు కూడా ఏర్పడతాయి. ఆల్బంను పొడిచోట నిలబెట్టి ఉంచడం మంచిది. కవర్లకు జిగురు పూయరాదు. వాటి మూలలను కాగితపు మూలపట్టీలలో దూర్చి ఆల్బంలో అమర్చాలి.

కొత్త బిళ్ళలు, తొలిరోజు కవర్లు ప్రధాన తపాలా కార్యాలయాలలోని ఫిలాటెలీ బ్యూరోలలో లభిస్తాయి. హైదరాబాదులో ఆబిడ్స్‌లోని జనరల్ పోస్టాఫీసులో ఇటువంటి బ్యూరో ఉంది.

ఇవి కూడా చూడండి

* తపాలా బిళ్ళ
* భారతీయ రైల్వేలు
* రైల్వే మెయిల్ సర్వీసు