సబ్బును గోధుమరంగుకు తిప్పే పరిమళం

ఇంట్లో పోసిన సబ్బు అచ్చులోంచి తీసేటప్పుడు మీగడ రంగులో ఉంటుంది. అందులో వెనిల్లా సెంటు కలిపి ఉంటే మూడు నాలుగు రోజుల్లో అంచులు తేనె రంగు పడతాయి, నెల తిరిగేసరికి బిళ్ల బెల్లంలా మారుతుంది. కోసి చూస్తే పైపొర ముదురుగా, నడుమ ఇంకా లేతగా కనిపిస్తుంది. కోసిన ముఖాన్ని గాలికి వదిలితే అదీ కొద్ది రోజుల్లో అదే రంగుకు వస్తుంది. నూనె చెడిందనో, క్షారం పాళ్లు తప్పాయనో చాలామంది కంగారు పడతారు. తప్పు ఆ రెంటిలోనూ లేదు. ఈ రంగు వెనిలిన్ అనే పదార్థానిది. అది సబ్బులోకి ఎలా చేరిందో తెలిస్తే, దాన్ని ఆపడం ఎందుకంత కష్టమో కూడా తెలుస్తుంది.

పందొమ్మిదో శతాబ్దం మూడు వంతులు గడిచేదాకా వెనిల్లా సంపన్నుల సువాసన. మెక్సికోలోని వెరాక్రూజ్ ప్రాంతంలో తోతోనాక్ ప్రజలు సాగు చేసిన ఆ తీగను ఐరోపావారు తమ వలస దీవులకు తీసుకెళ్లి నాటారు. తీగ పెరిగింది, పూసింది, కాయ మాత్రం పట్టలేదు. 1841లో హిందూ మహాసముద్రంలోని రియూనియన్ దీవిలో ఎడ్మండ్ అల్బియస్ అనే పన్నెండేళ్ల బానిస బాలుడు, సన్నని పుల్లతో పువ్వులోని పొరను ఎత్తి బొటనవేలితో పుప్పొడి అద్దే పద్ధతి కనిపెట్టాడు. ప్రపంచంలోని వెనిల్లా తోటలు దాదాపు అన్నీ నేటికీ ఆ పిల్లవాడి చేతి పని మీదే నడుస్తున్నాయి. అతను మాత్రం 1880లో కటిక పేదరికంలో చనిపోయాడు. ఒక్కొక్క పువ్వునూ చేత్తో తాకి, కాయలను నెలల తరబడి మగ్గబెడితే, ఆ ఎండుకాయల బరువులో వెనిలిన్ నూటికి రెండు పాళ్లకు అటూ ఇటూగా ఉంటుంది. అంత ఖరీదైన సరుకును ఒళ్లు రుద్దుకునే సబ్బులో పోయడానికి ఎవరికీ చెయ్యి రాదు.

ఆ కాయల నుంచి వెనిలిన్‌ను శుద్ధంగా వేరు చేసినవాడు ఫ్రెంచి రసాయనవేత్త గోబ్లీ, 1858లో. అసలు మలుపు 1874లో వచ్చింది. జర్మనీలో ఫెర్డినాండ్ టీమన్, విల్‌హెల్మ్ హార్మన్ కలిసి, పైన్ జాతి చెట్ల బెరడు కింద దొరికే కోనిఫెరిన్ నుంచి వెనిలిన్ తయారు చేశారు. హార్మన్ సొంత ఊరు హోల్జ్‌మిండెన్‌లో దాని కోసం కర్మాగారం వెలసింది. రెండేళ్లకు కార్ల్ రైమర్ గ్వాయకాల్ నుంచి మరో దారి చూపాడు. శతాబ్దం చివరికి లవంగనూనెలోని యూజెనాల్ ముఖ్యమైన ముడిసరుకు అయింది. 1930లలో అమెరికా, కెనడాల్లో కాగితపు మిల్లులు వదిలే వ్యర్థ ద్రవంలోని లిగ్నిన్ నుంచి వెనిలిన్ తీయడం మొదలైంది. చెట్టు బెరడు నుంచి మిల్లు మురుగు దాకా సాగిన ఈ ప్రయాణంలో ప్రతి మజిలీ దగ్గరా ధర పడిపోయింది. 1889లో గెర్లాన్ వారి జికీ అత్తరులోకి, 1925లో అదే సంస్థ షాలిమార్‌లోకి వెనిల్లా జాతి కృత్రిమ పరిమళాలు చేరాయి. షాలిమార్‌లో వాడినది వెనిలిన్ కన్నా మూడు నాలుగు రెట్లు ఘాటైన ఇథైల్ వెనిలిన్. అత్తరు సీసాలో నచ్చిన వాసన సబ్బుబిళ్లలోకీ దిగింది. చిక్కు అక్కడే మొదలైంది.

అత్తరులో ఉండేది సారాయి ద్రావణం, అందులో క్షారగుణం లేదు. సబ్బు అలా కాదు. నూనెను కాస్టిక్ సోడాతో కలిపి చేసిన సబ్బు ఎంత ఆరినా దాని నురుగు పీహెచ్ 9కీ 10కీ మధ్య ఉంటుంది. వెనిలిన్ అణువులో ఫినాల్ భాగం ఒకటి ఉంది. క్షారం తగలగానే అది హైడ్రోజన్‌ను వదులుకుని పసుపు రంగు పొందుతుంది. తెలుగు ఇళ్లలో ఇలాంటిది ఎప్పటి నుంచో కళ్లెదుట జరుగుతున్నదే. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడుతుంది. పసుపు మరక పడ్డ గుడ్డకు సబ్బు రుద్దితే మరక ఎర్రగా తేలుతుంది. ఈ పోలిక పైపైది కాదు. పసుపులోని కర్క్యుమిన్ అణువుకు రెండు కొనల్లోనూ ఉన్న వలయాలు వెనిలిన్ వలయం లాంటివే. క్షారంలో కర్క్యుమిన్ విరిగిపోతే పుట్టే పదార్థాల్లో వెనిలిన్ కూడా ఒకటి.

అయితే పసుపు ఎర్రబడేది క్షణంలో, సబ్బు గోధుమరంగుకు తిరిగేది వారాల్లో. క్షారం తాకిన వెనిలిన్‌ను గాలిలోని ఆక్సిజన్ మెల్లగా పట్టుకుంటుంది, అణువులు ఒకదానికొకటి అతుక్కుని ముదురు రంగు పదార్థాలవుతాయి. బిళ్ల పైనుంచి లోపలికి నల్లబడుతూ పోయేది అందుకే. వెలుతురు దీన్ని తొందరపెడుతుంది. ఇనుము, రాగి అణువంత ఉన్నా తొందరపెడతాయి. ప్రయోగశాలలో రెండు వెనిలిన్ అణువులను జత కలపడానికి వాడేది కూడా ఇనుప లవణమే. తుప్పు నీళ్లతో కలిపిన సోడా, ఇనుప పాత్రలో కాచిన నూనె సబ్బు రంగును ఎందుకు చెడగొడతాయో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

ఈ దోషం వెనిల్లా ఒక్కదానిదే అనలేం. మల్లెపూల వాసనకు మూలమైన వాటిలో ఒకటైన ఇండోల్ సబ్బును ఎర్రటి గోధుమరంగుకు తెస్తుంది. ఆ పేరు ఇండిగో నుంచి, అంటే నీలిమందు నుంచి వచ్చింది. నారింజపూల వాసననిచ్చే మిథైల్ ఆంత్రనిలేట్ ఆల్డిహైడ్లతో కలిసి పసుపు, నారింజ రంగులు పుట్టిస్తుంది. లవంగనూనె కూడా ముదురుతుంది. గంధపునూనెకు మాత్రం ఈ బెడద దాదాపు లేదు. అందులోని శాంటలాల్‌లో ఫినాల్ లేదు, ఆల్డిహైడ్ లేదు. మైసూరు సంస్థానం సబ్బు కర్మాగారం పెట్టినప్పుడు గంధాన్ని ఎంచుకోవడానికి కారణం అడవుల్లోని చెట్లే. అయినా క్షారంలో నిలకడగా ఉండే పరిమళం చేతికందడం ఆ సబ్బుకు కలిసొచ్చిన మేలు.

పెద్ద కర్మాగారాలకు ఇంకో వెసులుబాటు ఉంది. అక్కడ సబ్బు పూర్తిగా తయారై, ఎండి, తునకలయ్యాక సెంటు కలిపి రోలర్ల మధ్య నలుపుతారు. అప్పటికి విడి కాస్టిక్ దాదాపు మిగలదు. ఇరవయ్యో శతాబ్దంలో మరికొన్ని ఆసరాలు చేరాయి. 1935లో జర్మనీలో ఫెర్డినాండ్ మ్యూంజ్ పేటెంటు పొందిన ఈడీటీఏ ఇనుప అణువులను బంధిస్తుంది. బీహెచ్‌టీ ఆక్సీకరణను నెమ్మదింపజేస్తుంది. టైటానియం డయాక్సైడ్ తెల్లదనంతో రంగును కొంత కప్పుతుంది. వెనిలిన్‌లోని ఫినాల్ భాగానికి ముందే మూత వేసి తయారు చేసిన వెనిలిన్ ఐసోబ్యుటిరేట్ లాంటివీ వచ్చాయి. వీటిలో ఏదీ రంగును మొత్తం ఆపదు, వాయిదా వేస్తుంది. అందుకే కొందరు తయారీదారులు దారి మార్చి, వెనిల్లా వాసన సబ్బును మొదటి నుంచే గోధుమరంగులో అమ్మారు. ఆలోచించి చూస్తే నిజాయితీ గల పరిష్కారం అదే.

అమెరికాలో ఇంటి సబ్బు తయారీ మళ్లీ ఊపందుకున్నది ఇరవయ్యో శతాబ్దం చివరి దశాబ్దాల్లో. ఆన్ బ్రామ్సన్ పుస్తకం 1972లో, సూసన్ మిల్లర్ కావిచ్ పుస్తకం 1995లో వంటగదుల్లోకి ఆ పని తెచ్చాయి. పొయ్యి మీద ఉడికించకుండా నూనె, సోడా నీళ్లు కలిపి అచ్చులో పోసే పద్ధతి ఎక్కువమందికి నచ్చింది. అందులో సెంటు పడేది పీహెచ్ 13 దగ్గర ఉండే పచ్చి ముద్దలో. కర్మాగారంలో వెనిలిన్ తప్పించుకున్న కాస్టిక్ ఇక్కడ నేరుగా ఎదురవుతుంది. మూత వేసిన వెనిలిన్ రూపాల మూతను కూడా ఆ క్షారం విప్పేయగలదు. ఫ్యాక్టరీ సబ్బు కన్నా ఇంటి సబ్బు తొందరగా, ముదురుగా రంగు మారడానికి ఈ ఒక్క తేడా చాలు.

వెనిల్లా స్టెబిలైజర్ పేరిట అమ్మే ద్రవాల వెనక ఉన్న ఆలోచన సల్ఫైటు జాతి పదార్థాలది. ఆక్సిజన్‌ను అవి ముందుగా తామే పట్టుకుంటాయి. కరిగించి పోసే గ్లిజరిన్ సబ్బులో ఇవి కొన్ని నెలలు పనికొస్తాయి, పచ్చి ముద్దలో మాత్రం నమ్మదగ్గవి కావు. పచ్చి ముద్దతో పని చేసేవారికి మిగిలేది సెంటు ఎంపిక. అమ్మకందారు ఇచ్చే వివరాల్లో వెనిలిన్ శాతం చూడాలి, ఇథైల్ వెనిలిన్ పాళ్లు విడిగా రాసి ఉంటే అదీ కలుపుకోవాలి. ముద్దను రెండుగా చీల్చి, సగానికే సెంటు కలిపి, తెలుపు గోధుమ చారలుగా పోసేవారూ ఉన్నారు. అక్కడా ఒక మెలిక ఉంది. వెనిలిన్ తెల్ల భాగంలోకి మెల్లగా పాకుతుంది, వారాలు గడిచేకొద్దీ చారల అంచు మసకబారుతుంది. అందుకే అనుభవజ్ఞులు కొత్త సెంటుతో ముందు ఒకటి రెండు బిళ్లలు మాత్రమే పోసి, సగం కిటికీ దగ్గర, సగం చీకటి అల్మారాలో ఆరు వారాలు ఉంచి చూశాకే పెద్ద అచ్చుకు దిగుతారు.